సీమకు పోయొచ్చిన వరమ్మ

కర్నూలులోని ఒక మిషను హైస్కూలుకు ఇంగ్లండులో ఒక చర్చివాళ్లు ఏళ్ల తరబడి చందాలు పంపుతుండేవాళ్లు. 1953 మొదట్లో వాళ్లకు, తమ చందాలతో చదువుకుంటున్న పిల్లలు ఎలా ఉంటారో కళ్లారా చూడాలని బుద్ధి పుట్టింది. ఇద్దరు విద్యార్థులను, తోడుగా ఒక ఉపాధ్యాయుణ్ణి పంపండి, మూడు నెలలు మా ఇళ్లలో పెట్టుకుంటాం, మా చరిత్ర చూపిస్తాం, కొన్ని వారాలు మా ఊళ్లో ఏదో ఒక ఉద్యోగంలో కూర్చోబెట్టి పని నేర్పిస్తాం, ఓడ ఖర్చులు మావే అని రాశారు. చివర్లో ఒక మెలిక కూడా పెట్టారు. ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల కావాలన్నారు.

ఆ మెలిక లేకపోతే ఎంపిక ఒక పూటలో ముగిసేది. హెడ్మాస్టరు గారికి ప్రకాశం అనే మేనల్లుడు ఉన్నాడు, ఐదో ఫారంలో. అయినా న్యాయం న్యాయమే కనక పోటీ పరీక్ష పెట్టారు. ఇంగ్లండు రాజుల పేర్లు వరుసగా రాయడమే పరీక్ష. ప్రశ్న హెడ్మాస్టరు గారింట్లోనే తయారైంది కాబట్టి ప్రకాశం దాన్ని మిగతావాళ్లకంటే కొంచెం ముందుగా చదివాడు. న్యాయానికి అంతకు మించి లోపమేమీ జరగలేదు.

ఆడపిల్ల దగ్గరే చిక్కొచ్చింది. మార్కులు బాగా వచ్చే పిల్లలకు తల్లిదండ్రులు కూడా బాగానే ఉన్నారు. ఒకాయన పిల్లకు సంబంధం చూస్తున్నామన్నాడు. ఒకాయన సముద్రం గాలి పడదన్నాడు. ఇంకొకాయన, దొరల దేశం పోయొచ్చిన పిల్లను ఎవరు చేసుకుంటారని నేరుగానే అడిగాడు. చివరికి బోర్డింగులో ఉండే వరమ్మ మిగిలింది. ఆలూరు పక్క పల్లె. తండ్రి లేడు. తల్లి విశ్వాసమ్మ కూలికి పోతుంది. అడ్డు చెప్పే పెద్దమనిషి ఎవరూ లేకపోవడంతో వరమ్మ ప్రతిభ ఒక్కసారిగా బయటపడింది.

విశ్వాసమ్మను పిలిపించారు. ఆమె హెడ్మాస్టరు గది గుమ్మం దగ్గరే నిలబడింది.

"మీ బిడ్డను సీమకు పంపుతాండాం" అన్నాడు హెడ్మాస్టరు.

"యాడికి సార్?"

"సీమకు. ఇంగ్లండు. ఓడలో పోవాల."

"ఆడ వానలు పడతాయా సార్?"

"ఎప్పుడూ పడతానే ఉంటాయి."

"అట్లయితే పోనీ సార్. మూన్నెల్లు కడుపు నిండా తినొస్తాది. ఈడుంటే నాతోపాటు గంజికి నిలబడాల్సిందే."

ముందటేడు కరువులో ఆలూరు దిక్కున గంజి కేంద్రాలు పెట్టారు. సెలవుల్లో వరమ్మ తల్లి వెనకాల సత్తుగిన్నె పట్టుకుని ఆ వరసలో నిలబడింది. ఆ సంగతి సీమలో ఎత్తవద్దని హెడ్మాస్టరు అప్పుడే చెప్పేశాడు. దేశం పరువు పోతుందట.

తోడుగా ఎంపికైనవాడు చరిత్ర మాస్టారు ప్రేమయ్య. ఆయన ఇరవై ఏళ్లుగా ఇంగ్లండు చరిత్ర చెబుతున్నాడు, మద్రాసు దాటి ఎరగడు. ఆయన దృష్టిలో ఇంగ్లీషువాళ్లు చెమట పట్టని జాతి. ప్రయాణానికి నెల ముందు నుంచే పిల్లలిద్దరికీ మర్యాదలు నేర్పాడు. స్కూల్లో ముళ్లచెంచాలు లేవు గనక వేపపుల్లలతో అన్నం గుచ్చడం అభ్యాసం చేయించాడు. గుచ్చుకునే జాతి అన్నం రాయలసీమలో ఇంకా పండలేదు. వరమ్మ రెండు రోజులు ఆకలితో పడుకుని, మూడోరోజు నుంచి మాస్టారు అటు తిరిగినప్పుడు చేత్తో తినడం నేర్చుకుంది.

మే నెలలో ఆదోని స్టేషనులో రైలెక్కి బొంబాయి చేరి ఓడెక్కారు. ఆ ఓడలో ప్రేమయ్య మాస్టారు ఇంగ్లండు నౌకాబలం గురించి పాఠం చెప్పాలనుకున్నాడు. కానీ సముద్రం ఆయన్ను వాంతులతో మంచం దిగనివ్వలేదు. ప్రకాశం పక్క మంచంలో అదే పనిలో ఉన్నాడు. వరమ్మ ఒక్కతే ఇద్దరికీ బకెట్లు మోస్తూ, ఖాళీ దొరికినప్పుడు పైకి పోయి సముద్రం చూసింది. అన్ని నీళ్లుండి తాగడానికి పనికిరావని తెలిసి ఆమెకు చాలా కోపం వచ్చింది.

వాళ్లు చేరేసరికి కొత్త రాణి పట్టాభిషేకం అయిపోయి వారమైంది. ప్రేమయ్య మాస్టారు సొంత బంధువు పెళ్లి తప్పిపోయినట్టు బాధపడ్డాడు. చర్చివాళ్ల ఊరు ఉత్తరాన ఉంది. మగ్గాల మిల్లులు, ఇటుక ఇళ్లు, గోడల నిండా మసి. మాస్టారును పాస్టరు గారింట్లో దించారు. ప్రకాశాన్ని పురపాలక సంఘంలో పనిచేసే గుమాస్తా ఇంట్లో పెట్టారు. వరమ్మను మిసెస్ హాడ్జ్ అనే వితంతువుకు అప్పగించారు.

మొదటి ఆదివారం చర్చి బయట కలిసినప్పుడు వరమ్మ చెప్పింది. "సార్, మా ఇంటామె కండక్టరు పని చేస్తాది."

మాస్టారు సంతోషించాడు. "మంచిది. చర్చిలో పాడేవాళ్లను ముందు నిలబడి నడిపించేవాళ్లను కండక్టరు అంటారు. గొప్ప విద్య."

"కాదు సార్. బస్సులో. టికెట్లిస్తాది."

"నువ్వు సరిగ్గా విన్నట్టు లేదు" అన్నాడు మాస్టారు.

మర్నాడు ఆయనే బజారులో ఒక దుకాణం ముందు నలభై, యాభై మంది తెల్లదొరసానులు సంచులు పట్టుకుని నిలబడి ఉండడం చూశాడు. టోపీలు, చేతి తొడుగులు, చేతుల్లో చిన్న రేషను పుస్తకాలు. లోపల చక్కెర ఇస్తున్నారు. వాళ్ల మధ్యలో, నూనె రాసి బిగించి అల్లిన జడతో, వరమ్మ. మిసెస్ హాడ్జ్ పనిమీద పోతూ ఆమెను తన చోట నిలబెట్టి పోయింది.

"ఏం చేస్తాండావు ఈడ?"

"చక్కెరకు సార్. మాంసానిక్కూడా ఇట్లనే నిలబడల్లంట. యుద్ధం కాన్నించి ఇదే కతంట."

మాస్టారు అటూ ఇటూ చూశాడు. తెలుగు అర్థమయ్యేవాళ్లు చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించాడు. "ఊరికి పోయినాక ఈ సంగతి ఎవరికీ చెప్పద్దు."

"యాల సార్?"

"చరిత్రలో లేదు."

చరిత్ర చూపించే బాధ్యత పాస్టరు గారిది. ఆయన ముగ్గుర్నీ కారులో ఎక్కించుకుని ఒక కోటకు తీసుకుపోయాడు. పైకప్పు లేదు, మూడు వైపులా గోడలున్నాయి, నాలుగోవైపు గొర్రెలున్నాయి. ప్రేమయ్య మాస్టారు ఆ కోటను ఎవరు ఎప్పుడు ముట్టడించారో, ఎవరి తల ఎక్కడ తెగిందో తేదీలతో సహా అప్పజెప్పాడు. పాస్టరు గారు శ్రద్ధగా విని, ఇదంతా నాకు తెలియదు, చాలా సంతోషం అన్నాడు. మాస్టారుకు మాత్రం ఉత్సాహం చప్పబడింది. గురువు అనుకున్నవాడు శిష్యుడైపోతే ఎవరికైనా అంతే.

వరమ్మ గోడలు చూసి, మా ఆదోని కోట దీనికంటే శానా పెద్దది, అక్కడ మేకలు మేస్తాయి అని తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. పాస్టరు గారు ఆసక్తిగా, దాన్ని ఎవరు కట్టించారు అని అడిగాడు. వరమ్మ ప్రకాశాన్ని చూసింది. ప్రకాశం మాస్టారును చూశాడు. మాస్టారు గొర్రెలను చూశాడు.

తరవాత ఉద్యోగాల వంతు వచ్చింది. ఏ ఉద్యోగం చూడాలని ఉందని అడిగితే ప్రకాశం కలెక్టరు అన్నాడు. ఆ దేశంలో అలాంటివాడు లేడని తెలిసి అతను నమ్మలేకపోయాడు. మరి మాకెందుకు పంపారని అడిగాడు. చివరికి గుమాస్తాతో పాటు పురపాలక సంఘం ఆఫీసుకు పంపారు.

మొదటిరోజు పదిన్నరకు ఆఫీసు పెద్దాయన స్వయంగా టీ కాచి ప్రకాశానికి ఒక కప్పు ఇచ్చాడు. ప్రకాశం తాగి కప్పు బల్లమీద పెట్టాడు. పెద్దాయన తన కప్పు తాను కడుక్కుని మేకుకు తగిలించి పనిలో కూర్చున్నాడు. మర్నాడు ప్రకాశం వచ్చేసరికి అతని కప్పు అక్కడే ఉంది. ఆ మర్నాడూ అక్కడే ఉంది. ఎవరూ దాన్ని తీయలేదు. మిగిలిన రోజులు ప్రకాశం టీ మానేసి ఉద్యోగం నేర్చుకున్నాడు.

వరమ్మకు నర్సు పని చూపించమని హెడ్మాస్టరు ముందే రాసి పంపాడు. కానీ ఆస్పత్రివాళ్లు పద్దెనిమిది నిండనివాళ్లను వార్డుల్లోకి రానివ్వం అన్నారు. వేరే ఏర్పాటు చేయడానికి టైము లేదు. మిసెస్ హాడ్జ్ డిపో మేనేజరుతో మాట్లాడి, పిల్లను తన బస్సులో తిప్పుతానంది.

అది రెండంతస్తుల బస్సు. మిసెస్ హాడ్జ్ భుజాన తోలుసంచి, మెడలో టికెట్ల మిషను వేసుకుని పైకీ కిందికీ తిరిగేది. ఒకసారి గంట కొడితే బస్సు ఆగాలి, రెండుసార్లు కొడితే కదలాలి. రెండోవారంలో గంట కొట్టడం వరమ్మకు అప్పగించింది. డ్రైవరు ఏనుగంత మనిషి, మీసాలున్నవాడు. వరమ్మ రెండుసార్లు గంట కొడితే తప్ప ఆ మనిషి బస్సు కదిలించేవాడు కాదు. మొదటి రెండు రోజులు ఆమెకు అది పరాచకంలాగే తోచింది. మూడోరోజు కావాలని కాసేపు కొట్టకుండా ఊరుకుంది. బస్సు, డ్రైవరు, లోపల ఉన్న తెల్లవాళ్లందరూ ఆలూరు పిల్ల కోసం కాచుకుని కూర్చున్నారు. అప్పుడు ఆమెకు లోపల ఏదో అయింది. తరవాత ఎంతమంది ఎన్ని రకాలుగా అడిగినా అదేమిటో ఆమె సరిగ్గా చెప్పలేకపోయింది.

ఒక ముసలి దొర రోజూ ఆ బస్సెక్కేవాడు. వెనకెప్పుడో బళ్లారి దండులో పనిచేశాడట. వరమ్మను చూడగానే పాత రోజులు గుర్తొచ్చి, వచ్చిన నాలుగు హిందుస్తానీ ముక్కలతో ఏదో తెమ్మని అరిచాడు. వరమ్మ ఆయన ముందు నిలబడి, టికెట్ ప్లీజ్ అంది. ఆయన మళ్లీ అరిచాడు. ఆమె మళ్లీ అదే అంది. ఆయన జేబులు వెతుక్కుని చిల్లర తీశాడు. రాజ్యాధికారం అంతకుముందే చేతులు మారిందని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

సెప్టెంబరులో ఓడెక్కారు. ఓడ ఇంకా నడిసముద్రంలో ఉండగానే, అక్టోబరు ఒకటిన ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. బళ్లారి జిల్లాలో ఉన్న ఆలూరు తాలూకా కర్నూలు జిల్లాలోకి మారింది. వరమ్మ సీమకు పోయి రావడానికి అయిదు నెలలు పట్టింది. విశ్వాసమ్మ గుడిసె గుమ్మం కదలకుండా ఒక్క పొద్దులో మద్రాసు రాష్ట్రం దాటింది.

కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు ఇళ్లు చాలక గుడారాలు వేశారు. అలాంటి ఒక గుడారంలోనే ముగ్గురికీ సన్మానం. అధ్యక్షత వహించిన పెద్దమనిషికి పదవి కొత్త, కండువా కూడా కొత్తే. ప్రేమయ్య మాస్టారు గంటసేపు మాట్లాడాడు. ఆ గంటలో ఇంగ్లండులో ఒక్కరూ చక్కెరకు నిలబడలేదు. ప్రకాశం ఆఫీసు క్రమశిక్షణ గురించి మాట్లాడాడు, టీ సంగతి ఎత్తలేదు. ఆఖర్న పెద్దమనిషి వరమ్మను దగ్గరికి పిలిచి, ఇంత చూసొచ్చావు, పెద్దయినాక ఏమవుతావమ్మా అని అడిగాడు.

"కండక్టరు సార్."

ఆయనకు వినపడలేదనుకుని ఆమె ఇంకొంచెం గట్టిగా చెప్పింది. "బస్సు కండక్టరు."

హెడ్మాస్టరు లేచాడు. "పసిపిల్ల అయినా ఎంత లోతుగా చెప్పిందో చూడండి. ఈ కొత్త రాష్ట్రం ఒక బస్సు వంటిది. దాన్ని దారి తప్పకుండా నడిపించే సేవకురాలిని అవుతానని ఆమె భావం" అన్నాడు. చప్పట్లు మోగాయి. పెద్దమనిషి ఆ మాట తరవాత రెండు సభల్లో తనదిగా వాడుకున్నాడు.

మరుసటేడు వరమ్మ ఎస్సెల్సీ పాసైంది. ఆమె టీచరు ట్రైనింగుకు పోవాలని మిషనులో అందరూ కలిసి తీర్మానించారు. ఆ కూటానికి ఆమెను పిలవలేదు. ట్రైనింగు మొదలవడానికి ఇంకా వ్యవధి ఉంది. ఆమె ఆదోని పోయి బస్సుల ఓనరు పుల్లన్న షెడ్డు ముందు నిలబడింది.

"ఏం కావాల పాపా?" అన్నాడు పుల్లన్న.

"పని కావాల. కండక్టరు పని."

పుల్లన్న షెడ్డులో ఉన్నవాళ్లందర్నీ పిలిచి ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు. అందరూ నవ్వారు. నవ్వడం అయ్యేదాకా వరమ్మ అక్కడే ఉంది.

"సీమలో నేర్చుకుని వచ్చినా. అడిగి చూడండి."

"సీమ బస్సు వేరే పాపా, మన సీమ బస్సు వేరే. ఈడ మనుషుల కంటే కోళ్లు ఎక్కువ ఎక్కుతాయి. పో, ఇంటికి పో."

ఆమె పోయింది. కానీ పుల్లన్న ఆ పూట అన్నం తింటూ ఆగిపోయాడు. శ్రావణం దగ్గరపడుతోంది. ఆ నెలంతా ఆదోని దిక్కున ఉరుకుందలో ఈరన్న స్వామి జాతర. బస్సులు ఆడవాళ్లతో కిక్కిరిసిపోతాయి. మగ కండక్టరు వాళ్ల మధ్యకు పోలేడు. పోతే, ఆడోళ్ల మింద పడతావా అని కేకలు. పోకపోతే సగంమంది టికెట్టు లేకుండా స్వామి దర్శనం చేసుకుని పుణ్యంతో ఇంటికి చేరతారు. స్త్రీజాతి అభ్యుదయం మీద పుల్లన్నకు అంతవరకు ఏ అభిప్రాయమూ లేదు. అన్నం ముగిసేసరికి ఏర్పడింది. మర్నాడు మనిషిని పంపి వరమ్మను పిలిపించాడు. జాతర నెలవరకే అన్నాడు.

లైసెన్సు కోసం వరమ్మ కర్నూలు గుడారాలకు పోయింది. అక్కడి గుమాస్తా నిబంధనల పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. ఆడవాళ్లు కండక్టరు పని చేయకూడదని ఎక్కడా లేదు.

"చేయచ్చని మాత్రం యాడుండాది?" అన్నాడు.

కాదని రాయడానికి నిబంధన లేదు, అవునని రాయడానికి ధైర్యం లేదు. పైవాళ్లకు రాస్తానని ఫైలు కట్టాడు. జాతర నెలలో ఎవడడుగుతాడని పుల్లన్న ఆమెను బస్సెక్కించాడు.

చర్చి సంఘ పెద్దలకు కబురందింది. వాళ్లు విశ్వాసమ్మ గుడిసెకు వచ్చారు. వాళ్లలో పెద్దాయన, మన సంఘం బిడ్డ విగ్రహారాధనకు పోయేవాళ్లకు టికెట్లు ఇస్తోందని చాలా నొచ్చుకున్నాడు.

"నేను టికెట్టే ఇస్తాండా అప్పా. మొక్కు వాళ్లది" అంది వరమ్మ.

"దొరలు ఇంత ఖర్చు పెట్టి సీమకు పంపింది దీనికా?"

"వాళ్లే నేర్పించినారు కదప్పా."

పెద్దాయన విశ్వాసమ్మ వైపు తిరిగాడు. ఆమె చేటలో జొన్నలు చెరుగుతోంది, తలెత్తలేదు. "బస్సులో నీడన ఉంటాది సామీ" అంది. "చేనుకాడ ఎండలో ఉంటాంటే మీరెప్పుడూ రాలేదు."

మొదటిరోజు కష్టం సంఘ పెద్దల దగ్గర్నుంచి కాక డ్రైవరు దగ్గర్నుంచి వచ్చింది. డ్రైవరు చిన్న ఈరన్న. ఆడపిల్ల విజిల్ వేస్తే తాను కదలడమా అని అతనికి పౌరుషం. ఒక పల్లె దగ్గర ఆగినప్పుడు వరమ్మ దిగి, ముసలావిడను ఎక్కించి, తాను ఎక్కేలోగా బండి లాగించాడు. బస్సులోవాళ్లు నవ్వుతుండగా ఆమె దుమ్ములో మిగిలిపోయింది. వెనకాల వచ్చిన ఎద్దులబండి ఎక్కి పొద్దు వాలేవేళకు ఉరుకుంద చేరింది.

మర్నాడు బస్సు ముందు తిప్పి ఇంజను లేపే ఇనుప హ్యాండిలు చిన్న ఈరన్నకు కనిపించలేదు. సీటు కింద చూశాడు, టాపు మీద చూశాడు. జాతర జనం లోపల ఉడికిపోతున్నారు. వరమ్మ టికెట్లన్నీ కోసి, దిగి, అతని ముందుకొచ్చింది. హ్యాండిలు ఆమె చంకలో ఉంది.

"ఇట్ల తే" అన్నాడు.

"ఆగిన ప్రతిసారీ ఇంజను ఆపెయ్. నేనెక్కి విజిల్ వేసేటప్పుడు ఇస్తా. లేదంటే నా విజిల్‌కే కదులు. యాదైనా నాకు సరే."

"ఆడపిల్లవు, ఇంత మొండితనం యాడ నేర్చినావు?"

"సీమలో."

ఎండలో ఆగిన చోటల్లా హ్యాండిలు తిప్పడం అంటే ఏమిటో చిన్న ఈరన్నకు తెలుసు. రెండు చోట్ల తిప్పాడు. మూడోచోట నుంచి విజిల్‌కు కదిలాడు.

లోపల ఆడవాళ్లతో వేరే యుద్ధం. హులిగెమ్మ అనే ముసలమ్మ కొంగు కింద కోడిని దాచుకుని, టికెట్టు నిన్ననే తీసుకున్నా అంది. నిన్నటి టికెట్టు నిన్నటికే అవ్వా అంది వరమ్మ. అట్లయితే నేను నిన్ననే ఎక్కితి, నీ బస్సే రాలేదు అంది హులిగెమ్మ. పక్కవాళ్లందరూ అవ్వ చెప్పింది న్యాయమే అన్నారు. వరమ్మ ఆమె పక్కన కూర్చుని, మీ ఊరేది, కోడలేం చేస్తుంది, కోడి ఎంత ముద్దుగా ఉంది అని మాట్లాడి, దిగేలోగా డబ్బులు తీయించింది. కోడికి మాత్రం వదిలేసింది. మిసెస్ హాడ్జ్ దగ్గర ఈ పాఠం లేదు.

శ్రావణం ముగిసింది. పుల్లన్న ఆ నెల లెక్కలు చూసుకుని, వచ్చే ఏడు కూడా రమ్మన్నాడు. లైసెన్సు ఫైలు మాత్రం తిరిగి రాలేదు. ఏడాదంతా లైసెన్సు లేకుండా తిప్పేందుకు పుల్లన్నకు ధైర్యం చాలలేదు. వరమ్మ ట్రైనింగుకు పోయింది. తరవాత మిషను ప్రాథమిక పాఠశాలలో టీచరైంది. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలినప్పుడు లారీల్లో కట్టలు కట్టలుగా పోయిన ఫైళ్లలో ఆమెదీ పోయింది. ప్రకాశం కూడా సెక్రటేరియట్‌లో గుమాస్తాగా అదే ఊరికి పోయాడు. అక్కడ అతనికి కప్పు కడిగే మనిషి ఉన్నాడని, సుఖంగా ఉన్నాడని తెలిసింది.

ఏటా శ్రావణమాసం రాగానే వరమ్మకు జ్వరం వచ్చేది. సెలవు పెట్టేది. ఆ జ్వరం పుల్లన్న బస్సులో తప్ప తగ్గేది కాదని మిషనులో అందరికీ తెలుసు. కానీ ఆమె తరగతిలో పిల్లలు మిగతావాళ్ల పిల్లల కంటే బాగా చదువుతున్నారు. అందుకని ఎవరూ గట్టిగా అడగలేదు.

1957 శ్రావణంలో ప్రేమయ్య మాస్టారు ఏదో పనిమీద ఆదోని వచ్చి, పక్క పల్లెకు పోయేందుకు వేరే బస్సు దొరక్క జాతర బస్సు ఎక్కాడు. ముందు సీటులో కిటికీ పక్కన కూర్చున్నాడు. వరమ్మ వెనక నుంచి టికెట్లు కోసుకుంటూ వచ్చింది. ఆయన బయట చేలు చూస్తున్నాడు. ఆమె ఆయన పక్కనే నిలబడింది. ఆయన ఇంకా చేలు చూస్తూనే ఉన్నాడు.

"టికెట్టు సార్."

"నేనమ్మా, ప్రేమయ్యను."

"తెలుసు సార్. యాడికి?"

ఆయన చెప్పాడు, డబ్బులు తీసిచ్చాడు. ఆమె టికెట్టు చింపి చేతిలో పెట్టింది. పక్కన కూర్చున్న రైతుకు ఇదంతా వింతగా ఉంది.

"ఎవరప్పా ఆ పాప? గట్టిపిండంలా ఉండాదే" అని అడిగాడు.

మాస్టారు సర్దుకుని కూర్చున్నాడు. "నా శిష్యురాలు. సీమకు నేనే తీసుకుపోయి దగ్గరుండి నేర్పించినా. ఆ దేశంలో ఆడోళ్లు బస్సుల్లో పని చేస్తారు, నీకు తెలీదు. చరిత్ర చదవల్ల."

"ఇంకా ఏమేమి చూసినారు సార్ ఆడ?"

మాస్టారు మొదలుపెట్టాడు. వరమ్మ వెనక్కి పోబోతూ ఆగి, ఆయన భుజం మీద మెల్లగా తట్టింది.

"సార్, కొంచెం అవతలకు జరగండి. ఈ అవ్వ కూర్చోవాల."

ఆయన కోటు మడుచుకుని జరిగాడు. అవ్వ కూర్చుంది. వరమ్మ విజిల్ వేసింది.